ఉత్తర ప్రభువుల తిరుగుబాటు

ఎలిజబెత్తు రాణి కాలమనగానే మన విద్యార్థులకు 1588లో స్పెయిను నౌకాదళము నశించుట జ్ఞాపకమునకు వచ్చును. అంతకు 19 ఏండ్లకు పూర్వము ఆమె రాజ్యములోనే పుట్టిన యొక కల్లోలమును గూర్చి యిచ్చట వివరింపఁ దలఁచితిమి.

ఇంగ్లండునకు ఉత్తరమున, స్కాట్లండు సరిహద్దు చెంత, పెర్సీ, నెవిల్ అను రెండు ప్రాచీన వంశము లుండెను. అచ్చటి జనులు దూరమందున్న రాణికంటె ఈ ప్రభువులనే యెక్కువగా నెఱిఁగియుండిరి. 1559 నాఁటి చట్టములు లాటిను పూజను నిషేధించినను, పలువురు కతోలిక మతమునే ప్రేమించుచుండిరి. సరిహద్దు నేలు పదవులు ఆ వంశములనుండి యితరుల చేతికి పోయెను. పెర్సీ భూమిలో దొరికిన రాగిగని సయితము రాణిదేయని 1568లో న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. ఆ యేఁటనే స్కాట్లండు రాణి మేరీ శరణు గోరి వచ్చి నిర్బంధములో నుంచఁబడఁగా, కతోలికుల యాశలు ఆమెపై నిలిచెను.

1569 నవంబరు 14వ తేదీని నార్తంబర్లాండు, వెస్ట్‌మోర్లాండు ప్రభువులు డర్హాము దేవాలయమును ప్రవేశించిరి. వారి యనుచరులు ఆంగ్ల బైబిలును, ప్రార్థన పుస్తకమును చించివేసిరి. అచ్చట మరల లాటిను పూజ జరిగెను. వృద్ధుఁడగు రిచర్డు నార్టను క్రీస్తు పంచగాయముల పతాకమును మోసెను. వారు దక్షిణమునకు నడువఁగా, ప్రభుత్వమువారు మేరీని టట్‌బరీనుండి కొవెంట్రీకి తరలించిరి. ఇతర ప్రాంతములు కదలలేదు. బార్నార్డు కోట వారికి లొంగినను, రాణి సేనలు సమీపింపఁగా డిసెంబరులో ప్రభువులు తమవారిని విడిచి స్కాట్లండునకు పాఱిపోయిరి.

పిమ్మట జరిగినది మిక్కిలి శోచనీయము. సుమారు 700 మంది సామాన్యులను ఉరితీయవలెనని యాజ్ఞలు వెలువడెను. భూములు గలవారినిమాత్రము సైనిక శాసనముచే చంపక, న్యాయస్థానములకు విడిచిరి. ఏలయనఁగా న్యాయవిచారణమున నేరము స్థిరపడినచో వారి యాస్తి రాణికి చెందును. నేలలేని పేదవానిని విచారించుటవలన ప్రభుత్వమునకు లాభము లేకుండెను! నార్తంబర్లాండు ప్రభువును స్కాట్లండువారు ధనము గైకొని యప్పగింపఁగా, 1572లో యార్కు పట్టణమున శిరచ్ఛేదము జరిగెను. వెస్ట్‌మోర్లాండు ప్రభువు పరదేశమున 1601లో మృతినొందెను.

తిరుగుబాటు అణఁగిన పిదప, 1570 ఫిబ్రవరిలో అయిదవ పయస్ పోపు రాణిని పదభ్రష్టురాలినిగా ప్రకటించెను. అది యోడినవారికి సాయపడలేదు సరికదా, శాంతముగా జీవింపఁగోరు కతోలికులను సయితము రాజద్రోహులనుగా శంకించుటకు హేతువయ్యెను.

ఈ కథలో కొందఱు నిజమైన భక్తిచేతను, కొందఱు తమ ప్రభువునందలి విశ్వాసముచేతను, కొందఱు భయముచేతను నడచిరి. ఉరికంబము వారి హృదయములను వేఱుపఱచి చూడలేదు. పెద్దల కలహములకు పల్లెలు వెల చెల్లించునని చదువరులు గ్రహింతురుగాక.