గృహిణికొక కలము

పోపులపెట్టె మనదే, తాళముల గుత్తి మనదే. కాని "ఇది నా కలము" అని చెప్పుకొనదగినది మనలో నెందఱికి గలదు? పాలలెక్క వ్రాయవలసినపుడు పిల్లల సంచిలోని పెన్ను వెదకుదుము. అది వ్రాయకున్న విదిలించి మఱియొకటి వెదకుదుము. చేతివ్రాత బడితోనే ముగిసినదని తలంచు సోదరీమణులు పెక్కుమంది. ఈ మాసము మేము వారితో ఫౌంటెన్ పెన్నును గూర్చి ముచ్చటింప దలచితిమి. ఇది ధనవంతుల వేడుక కాదు. కొంచెము శ్రద్ధయు, దినమునకొక పావుగంట తీరికయు చాలును.

మాకీ యభిరుచి కలిగిన విధము ముందుగా చెప్పెదము. మా అమ్మగారు గతించిన కొంతకాలమునకు ఆమె పెట్టె సర్దుచుండగా, అడుగున చేతిరుమాలులో చుట్టిన నల్లని కలమొకటి కనబడినది. మాకు ఆమె కార్డులు వ్రాసినది దానితోనే. కార్డుపై చోటు చాలక, చివరి మాటలను అంచు వెంబడి నిలువుగా వ్రాయుట ఆమె యలవాటు. ఆ మాటలు చదువుటకు కార్డును త్రిప్పునప్పుడెల్ల ఆమె మా ప్రక్కన కూర్చున్నట్లే తోచెడిది.

ఆ కలముతో వ్రాయవలెనని తొందరపడితిమి. ఇంటిలో పిల్లలు బొమ్మలు గీయు నల్లసిరా సీసా యుండెను. సిరా యేదైన నొకటే గదాయని దానిని పోసితిమి. రెండు దినములు వ్రాసినది, మూడవనాడు మూగవోయినది. ఆ సిరాలో మసియు, లక్కయు నుండును. అది యారిన పిదప రాయివలె గట్టిపడును. కలములు బాగుచేయు పెద్దాయన దానిని విప్పి చూచి, "అమ్మా, పెన్ను బ్రతుకుతుంది, పాళీ మాత్రం మార్చాలి" అనెను. కలము బ్రతికినది. కాని ఇన్ని యేండ్లు అమ్మ చేతిలో నరిగిన పాళీ మాకు మరల రాలేదు. మా పొరపాటు ఇతరులు చేయకుండుటకే ఈ నాలుగు మాటలు.

కలము పని చేయు తీరు తెలిసిన, దానిని కాపాడుట సులభము. దీపపు వత్తి నూనెను తనంతట పీల్చునట్లు, పాళీ నడుమనున్న సన్నని చీలికయు, దాని అడుగున నల్లని ముక్కలో కోసిన గాడులును సిరాను కొనకు చేర్చును. కాని నూనె డబ్బాకు ఒక్క రంధ్రమే పొడిచిన నూనె సరిగా రాదు. గాలి పోవుటకు రెండవ రంధ్రము కావలెను. కలమును అట్టిదే. సిరా వెలికి వచ్చినంత గాలి లోనికి పోవలెను. అమెరికాలో వాటర్‌మన్ అను నతడు ఈ రెండు దారులను కుదిర్చిన కలమునకు 1884లో పేటెంటు పొందెను. అటుపిమ్మట ఫౌంటెన్ పెన్ను మిక్కిలి వ్యాప్తికి వచ్చినది.

మన తెలుగునాటను దీనికి మంచి చరిత్ర గలదు. స్వదేశీ యుద్యమ కాలమున రాజమహేంద్రవరమునందు కోసూరి వెంకటరత్నముగారు కలములు చేయుట ప్రారంభించిరి. వారు పంపిన కలమును గాంధీమహాత్ముడు వాడిచూచి, బజారులోని విదేశపు కలములకు బదులుగా వాడదగినదని 1935లో ఉత్తరము వ్రాసెను. గోదావరి యొడ్డున ఎబొనైటు కడ్డీలను తరిణె పట్టి, చేతితో కలములు చేయు పని నేటికిని సాగుచున్నది. ఎబొనైటనగా రబ్బరులో గంధకము చేర్చి, వేడిచేసి గట్టిపఱచిన పదార్థము. చేతికి చల్లగా తగులక, మెత్తగా నొదుగును.

ఇక క్రొత్తగా ప్రారంభింపగోరు వారికి: మొదట వెల తక్కువ కలమునే కొనుడు. బంగారు పాళీ యక్కఱలేదు; ఉక్కు పాళీ చక్కగా వ్రాయును. మన లిపికి సన్నని పాళీ మేలు. తెలుగు అక్షరములు గుండ్రనివి. క్రింద వత్తులు, పైన తలకట్లు, గుడులు నుండును. పాళీ లావైన, చిన్న సున్నలు పూడిపోయి "ధ" యేదో "ద" యేదో తెలియకపోవును. కొనునపుడు దుకాణములోనే మీ పేరు పదిసార్లు వ్రాసిచూడుడు. కాగితమును గీరినట్లు తోచిన, ఆ పాళీ వలదు.

సిరాను ఫౌంటెన్ పెన్నుల కొఱకు చేసినదే కొనవలెను. బొమ్మల సిరా వలదని మరల చెప్పనక్కఱలేదు గదా! మన పూర్వులు కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరా రెల్లు కలమునకు తగినదే కాని, దాని మడ్డి ఈ సన్నని గాడులను పూడ్చివేయును. నేర్చుకొను దినములలో, ఉదికిన పోవు నీలిసిరా మంచిది. చీరపై పడినను వెంటనే నీట నుదికిన చాలవఱకు వదలును. అయితే అది తడికి నిలువదు. నిలుపుకొనదలచిన వ్రాతలకు, నీటికి చెరగని సిరా వేఱుగా నుంచుకొనుడు.

పాతకాలపు కలములలో సిరాను ఫిల్లరుతో నేరుగా గొట్టములో పోయుదుము. నిండుగా పోసి, మరలు బిగించి, తుడిచి వాడవలెను. సిరా తగ్గినకొలది లోపల గాలి పెరుగును. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను త్రోయగా, కాగితముపై బొట్టు పడును. బడిపిల్లల వ్రేళ్లకు, చొక్కా జేబులకు నంటిన మరకలకు ఇదియే కారణము. మూడవవంతు మిగిలియుండగనే మరల నింపుకొన్న ఈ బాధ యుండదు.

బాల్ పెన్ను నొక్కిన గాని వ్రాయదు. ఫౌంటెన్ పెన్నును నొక్కరాదు. కొంచెము వాల్చిపట్టి, కాగితముపై దాని బరువును మాత్రము మోపిన చాలును. నొక్కి వ్రాసి వ్రాసి బొటనవ్రేలు నొప్పి పెట్టువారికి ఇది మొదటి వారముననే తెలియగలదు. పలుచని కాగితముపై సిరా ప్రాకును గావున, కొంచెము నునుపైన దళసరి కాగితము ఎన్నుకొనుడు. ప్రక్కన అద్దుడు కాగితపు ముక్క యొకటి యుంచుకొనుడు.

నెల కొకసారి పాళీని, గొట్టమును చన్నీట కడిగి, మెత్తని పాతగుడ్డపై నారబెట్టవలెను. వేడినీరు వలదు, ఎబొనైటు దానివలన నలుపు దప్పి గోధుమవన్నెకు దిగును. ఎండయు నట్టిదే. కొన్నాళ్లు వాడబోని కలమును సిరాతో నుంచక, కడిగి యారబెట్టి దాచుడు. పెట్టెలో దొరకిన పాత కలమునైతే, ముందు రాత్రియంతయు చన్నీట నాననిచ్చి, రంగు దిగుట మానువఱకు నీరు మార్చుడు. అప్పటికిని కదలనిచో బలవంతముగ విప్పక, తెలిసినవారికి చూపుడు. ఈ రెండు వాక్యములు మాకు ముందు తెలిసియున్న, అమ్మ పాళీ నేడు మా చేతనుండెడిది.

కలము సిద్ధమైనది, ఏమి వ్రాయవలెనని కొందఱడుగవచ్చును. గొప్ప కావ్యములు వ్రాయనక్కఱలేదు. అత్తగారు కొలతలు చెప్పక కంటిచూపుతో కలుపు ఆవకాయకు కొలతలు వ్రాసి యుంచుడు. అమ్మమ్మ జోలపాట లోని మఱచిపోవుచున్న చరణములు వ్రాసికొనుడు. పొరుగూరిలో చదువుకొను బిడ్డకు ఒక కార్డు వ్రాయుడు. తపాలాకార్డులు నేటికిని దొరకుచున్నవి. టెలిఫోనులో మన మాట వారికి క్షణములో చేరును. మఱుక్షణమున గాలిలో కలియును. కార్డుపై వ్రాసినది పెట్టె యడుగున నలువది యేండ్లుండును.

మేమిప్పుడు క్రొత్త పాళీ వేసిన అమ్మ కలముతోనే వ్రాయుచున్నాము. వ్రాత ఆమెది కాదు, మాదే. మొన్న మా అమ్మాయికి కార్డు వ్రాయుచు చోటు చాలక, ఆలోచింపకయే కార్డును త్రిప్పి, చివరి మాటలను అంచు వెంబడి నిలువుగా వ్రాసితిమి.

సోదరీమణులారా, ఈ రాత్రి వంటయిల్లు కడిగి దీపమార్పుటకు ముందు పావుగంట మీకొఱకు ఉంచుకొనుడు. మీ పేరుతో ప్రారంభింపుడు.