అంతర్జాలంలో దొరికిన బొమ్మ ఎవరిది?

ఉగాది వస్తున్నదంటే మన సంఘాలలో సందడి మొదలవుతుంది. ఆహ్వాన పత్రికలు వేయాలి, ప్రత్యేక సంచిక తేవాలి, వేదికకు బ్యానరు కట్టాలి. అన్నిటికీ బొమ్మలు కావాలి. పూర్వం చిత్రకారుని ఇంటికి వెళ్లి, అడిగి గీయించుకొని, బ్లాకు చేయించేవారు. ఇప్పుడు సెల్‌ఫోనులో రెండు మాటలు కొడితే వందల బొమ్మలు కళ్లముందు నిలుస్తున్నవి. శ్రమ తగ్గినది, సంతోషమే. కాని ఆ బొమ్మకు హక్కుదారు ఒకరున్నారనే సంగతి మరుగున పడుతున్నది.

"గూగుల్‌లో దొరికినది" అని చాలామంది అంటారు. ఏ బొమ్మ ఎక్కడున్నదో గూగుల్ చూపిస్తుందే గాని దానికి యజమాని కాదు. కొమ్మ వీధిలోకి వంగినంత మాత్రాన మామిడిచెట్టు ఊరందరిదీ అవుతుందా?

మన కాపీరైటు చట్టం 1957 నాటిది; 1958 జనవరి 21 నుంచి అమలులో ఉన్నది. బొమ్మ గీసినప్పుడే, ఫోటో తీసినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయించనక్కరలేదు. కింద పేరు లేదు గనుక హక్కు లేదనుకోవడం సరికాదు. చిత్రకారుని జీవితకాలమంతా, గతించిన పిమ్మట మరి 60 ఏండ్లు ఆ హక్కు నిలుస్తుంది. ఫోటోలకు మునుపు వేరే లెక్క ఉండేది. 2012 సవరణతో వాటికీ ఇదే లెక్క వచ్చినది.

రాజా రవివర్మ 1906లో గతించారు. దామెర్ల రామారావు 1925లో గతించారు. వారి చిత్రాలు నేడు అందరివీ. బాపుగారి సంగతి వేరు. ఆయన 2014 ఆగస్టు 31న చెన్నపట్నంలో కన్నుమూశారు గనుక ఆయన బొమ్మలపై హక్కు 2074 చివరివరకు ఉంటుంది. చక్కని పిల్లను "బాపు బొమ్మ" అని మురిసిపోయే మనమే, ఆ బొమ్మలను అడగకుండా శుభలేఖలకెక్కించడం, ఒక్కొక్కప్పుడు సంతకం సైతం కత్తిరించడం ఏమి న్యాయం?

మనవైపు నుంచి చూద్దాము. డబ్బిచ్చి తీయించుకొన్న పెండ్లి ఫోటోపై, వేరే ఒడంబడిక లేనప్పుడు, తొలి హక్కు తీయించుకొన్నవారిదే. మన అమ్మాయి పెండ్లి ఫోటో మనకు తెలియకుండా ఏ దుకాణం ప్రకటనలోనో కనబడితే ఊరుకొంటామా? ఊరుకోము. తెల్లవారుజామున యానాం రేవులో కాచుకొని గోదావరిని ఫోటో తీసినవారి మనసూ అటువంటిదే.

ఆంధ్రదేశానికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనకు ఇంకొక నష్టం కూడా ఉన్నది. బరంపురంలోనో, షోలాపురంలోనో, హోసూరులోనో తాతలనాడు జరిగిన సభల ఫోటోలు ఫోను నుంచి ఫోనుకు మారేకొద్దీ తీసినవారి పేరు, ఊరు, సంవత్సరం రాలిపోతున్నవి. రేపు మన మనుమలకు ముఖాలు మిగులుతాయి, చరిత్ర మిగలదు. హక్కు అమ్ముకొన్నప్పటికీ, ఆ పని తనదని చెప్పుకొనే అధికారం కర్తకు చట్టమిచ్చినది. పేరు నిలపడం మర్యాదే కాదు, మన చరిత్రకు ఆధారం కూడాను.

చేయవలసినది కష్టమైన పనేమీ కాదు. ఆ బొమ్మనే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికితే మూలం తరచుగా తెలుస్తుంది. హక్కుదారుకు ఒక ఉత్తరం వ్రాసి, జవాబు దాచుకోవాలి. ఊరక పేరు వేసినంత మాత్రాన అనుమతి పొందినట్లు కాదు. వికీమీడియా కామన్స్‌లో లక్షలాది బొమ్మలు ఉచితంగా ఉన్నవి. అక్కడ కూడా ఒక్కొక్క బొమ్మ కింద వ్రాసిన షరతు చదివి, కోరిన చోట కర్త పేరు, లైసెన్సు పేరు వేయాలి. సొంత చదువుకు, విమర్శకు, వర్తమాన వార్తలకు తగుమేరకు వాడుకొనే వెసులుబాటు చట్టంలో ఉన్నది. తెలిసి తెలిసి హక్కును అతిక్రమించిన వారికి మూడేండ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా కూడా ఉన్నవి.

అన్నిటికంటె మంచి మార్గం మన ఇళ్లలోనే ఉన్నది. బొమ్మలు వేసే పిల్లలు, ఫోటోలు తీసే యువకులు ఏ సంఘంలో లేరు? వచ్చే సంచికకు ముందుగా వారిని అడుగుదాము. వారి బొమ్మ కింద వారి పేరు స్పష్టంగా అచ్చు వేయించుదాము.