నడక – దేహభారము – పరిసరములు

నడక మనమందరము ఎరిగిన విద్యయే. కాని దానిని ఒక్కసారి నేర్చి ఊరకుండుట లేదు. శరీరము మారినప్పుడెల్ల, నేల మారినప్పుడెల్ల మరల నేర్చుకొనుచునే యున్నాము. వృద్ధులు నడక మానినచో వయసును నిందించుట లోకరీతి. ఆ నింద ఎంతవరకు న్యాయమో ఇచట విచారింతుము.

గోడగడియారపు లోలకమును తలక్రిందుగా ఊహింపుడు. నేలపై ఆనిన కాలు కర్రవలె నిలువగా, దేహము దానిమీదుగా పైకి లేచి ముందునకు దిగును. లేచునపుడు వేగము తగ్గి ఎత్తుగా నిలువయుండును. దిగునపుడు ఆ ఎత్తే మరల వేగమగును. ఇటలీ శాస్త్రజ్ఞుడు కవాన్యా, ఆయన సహచరులు కొలిచినదానినిబట్టి, హాయిగా నడచునపుడు ఈ మార్పిడివలన సుమారు 65 శాతము వరకు శక్తి ఆదా యగును. మైళ్ళకొలది నడిచియు మనము అలయకుండుటకు కారణమిదియే.

ఈ లోలకమును ఆడించునది దేహభారమే. 1969లో చంద్రునిపై దిగిన వ్యోమగాముల బరువు అచట ఆరవవంతు మాత్రమే. వారికి నడచుటకంటె గంతులు వేయుటయే సులభమైనది. కావున బరువు నడకకు శత్రువు కాదు. హద్దు మీరిన బరువే చిక్కు తెచ్చును.

శిశువు ఏడాదికి అటునిటుగా తొలి అడుగు వేయును. తల పెద్దది, కాళ్ళు పొట్టివి. అందుచే పాదములు ఎడముగా ఉంచి, చేతులెత్తి తూలుచు నడచును. పెద్దలవంటి నడక కుదురుటకు ఇంచుమించు ఏడేండ్లు పట్టును. యౌవనమున గంటకు అయిదు కిలోమీటర్లు మనకు సహజమైన వేగము.

స్థూలకాయులు పాదములు ఎడముగా వేయుచు, రెండు కాళ్ళను ఎక్కువసేపు నేలపై ఉంచి, నెమ్మదిగా నడతురు. దానిని చూచి నవ్వువారు మన తరగతులలోను కలరు. అది సోమరితనము కాదు, దేహము తనకు తాను చేసికొనిన జాగ్రత్త. మోకాళ్ళ వాతముగల స్థూలకాయులగు వృద్ధులను పరీక్షించి 2005లో అమెరికా పరిశోధకులు తేల్చినదేమనగా, ఒక కిలో బరువు తగ్గినచో మోకాలిపై అడుగడుగునకు నాలుగు కిలోల భారము తగ్గును. కిలోమీటరు నడకలో వేయికి పైగా అడుగులున్నవి. లెక్క పాఠకులే కట్టుకొనవచ్చును.

ఇక నేల సంగతి. సముద్రతీరపు ఇసుకలో నడచినవారికి తెలియును: గట్టినేలపై అయ్యెడి శక్తికి రెండు రెట్లకు పైగా ఖర్చగును. ముసలితనమున చీలమండ బలము తగ్గి, ఆ పని తుంటిపై పడును, అడుగు కురుచనగును. రహదారి దాటుటకు మనిషి క్షణమునకు 1.2 మీటర్లు నడచునని ఇంగ్లండులో దీపములను అమర్చిరి. 2012లో ప్రకటింపబడిన పరిశీలనలో అచటి వృద్ధ పురుషుల సగటు వేగము 0.9, స్త్రీలది 0.8 మీటరు మాత్రమే! దోషము కాలిదా, దీపముదా? మన దేశమునను కాలిబాట వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదనియు, దాని అంచు 15 సెంటీమీటర్లకు మించరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సూచించినది. మన వీధులలో ఆ కొలతలు ఎచట కనబడునో చెప్పజాలము.

దూరమేల? మన కళాశాలలో ఉర్దూ బోధించి విశ్రాంతి పొందిన ఒక పెద్దలు నిత్యము గ్రంథాలయమునకు వచ్చెడివారు. ఏడాదిగా వచ్చుట లేదు. మోకాళ్ళు చెడినవి కాబోలునని తలచి, పరామర్శింపబోతిమి. వారు నవ్వి, “బేటా, బజారుకు రోజూ నడిచియే పోవుచున్నాను. మీ మెట్లు ఎక్కగలను గాని దిగునప్పుడు పట్టుకొనుటకు ఏమున్నది?” అనిరి.

వారి మాటలో శాస్త్రము కలదు. మోకాలిలో కొలత పరికరములు అమర్చిన రోగులను 2010లో బెర్లిను పరిశోధకులు పరీక్షింపగా, సమతలమున నడచునపుడు కీలుపై దేహభారమునకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగునపుడు దాదాపు మూడున్నర రెట్లు ఒత్తిడి పడినది. చేతికి ఊత దొరికినచో అందు కొంత చేయి పంచుకొనును, తూలుటయు తగ్గును.

గ్రంథాలయపు మెట్లు మేము లెక్కించితిమి; పదునొకండు. ఇరువైపుల ఇనుప రెయిలింగు వేయించుటకు కళాశాల కమిటీవారిని ప్రార్థించుచు ఒక విన్నపము ఈ సంచికతోపాటు సమర్పించుచున్నాము.