పరిశోధన పత్రము అచ్చగుట యెట్లు?

కిన్నెరసాని ఒడ్డున పెరుగు ఒక మొక్క వేరు గాయములను మాన్పునని కోయలు చెప్పుదురనుకొందము. ఖమ్మములోని ఒక అధ్యాపకుడు ఆ వేరును పరీక్షించి, దానికి సూక్ష్మజీవులను చంపు గుణమున్నదని తెలిసికొనెను. అంతటితో అది శాస్త్రమగునా? కాదు. తాను చేసినదంతయు, ఇతరులు మరల చేసి చూచుకొనుటకు వీలుగా వ్రాసి ప్రకటింపవలెను. అట్టి వ్యాసమే పరిశోధన పత్రము.

పత్రము చేరగానే పత్రికా సంపాదకుడు దానిని చూచును. విషయము తమ పత్రికకు తగనిచో వెంటనే త్రిప్పి పంపును. తగినచో ఆ విషయమెరిగిన ఇద్దరు ముగ్గురు పరిశీలకులకు పంపును. వారి పేర్లు సాధారణముగా రచయితకు తెలియవు. వారు మన అధ్యాపకుని ఇట్లు ప్రశ్నింతురు: మొక్కను గుర్తించినదెవరు? ఎండబెట్టిన నమూనాను ఎచ్చట భద్రపరచితిరి? వేరు రసము వేయని పాత్రతో పోల్చి చూచితిరా? పరీక్షను ఎన్నిసార్లు చేసితిరి? ఈ సంగతి చెప్పిన నాటువైద్యుల సమ్మతి తీసికొంటిరా? వీనికి సమాధానము వ్రాయుటకు మరల అడవికి పోవలసి రావచ్చును. నెలలు గడచును. క్రొత్తవారికి నిరుత్సాహము కలుగుట సహజమే. కాని లోపము అచ్చుకు ముందే బయటపడుట మేలు కదా!

అయినను కాలము విలువ తక్కువది కాదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ప్రపంచమందలి ప్రయోగశాలలెన్నో దానిని చేపట్టినవి. తరువాత వారు కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని 1927లో ప్రకటించిరి. ఆ యేడే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఆ పదార్థమును గూర్చి వ్రాసిరి. జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని గూర్చి 1929 ఆగస్టులో జర్మనీ నుండి కార్ల్ లోమాన్, అక్టోబరులో ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించిరి. ఎవరు ముందన్న ప్రశ్నకు అచ్చులోని తేదీయే సాక్ష్యము.

పేరుమోసిన విదేశ పత్రికలోనే అచ్చు కావలెనన్న నియమము లేదు. తెలుగు కుటుంబమున పుట్టిన సి.ఆర్. రావు పత్రము 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో వెలువడినది. అందలి ఫలితములలో ఒకటి నేడు క్రామర్–రావు అవధిగా ప్రసిద్ధము. ఆ పత్రమునకే 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి లభించినది.

నేడు ఉద్యోగము కొరకు, పదోన్నతి కొరకు పత్రముల సంఖ్య చూపవలసి వచ్చుచున్నది. ఈ అవసరమును కనిపెట్టి, “రుసుము పంపుడు, మూడు దినములలో అచ్చు వేయుదుము” అను పత్రికలు బయలుదేరినవి. మంచి పత్రికలలో కొన్నియు రుసుము తీసికొనును. కావున రుసుమొక్కటే గుర్తు కాదు. పరిశీలన జరుగుచున్నదా యన్నదే గుర్తు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము తన ‘కేర్’ పత్రికల జాబితాను 2025లో విరమించినది. ఇక మంచిచెడ్డల నెంచు భారము కళాశాలలపైనను, రచయితపైనను ఉన్నది.

పరిశీలన లేక అచ్చయిన పత్రమును నమ్మి, రేపు భద్రాచలము అడవిలో ఎవరైన ఆ వేరును పుండుకు కట్టినచో, నష్టపడునది పత్రిక కాదు, రచయిత కాదు, రోగి. అందుచేతనే పరిశీలకుని కఠినమైన ప్రశ్న రచయితకు శత్రువు కాదు.