వీరాపురం కొంగలు – మంచుగడ్డల మీది సీల్ పిల్లలు

హిందూపురానికి అనతిదూరంలో, చిలమత్తూరు మండలంలో వీరాపురమనే చిన్న గ్రామమున్నది. ఏటేటా చలి తగ్గుముఖం పట్టే వేళకు ఆ ఊరికి వందలాది అతిథులు వచ్చి దిగుతారు. వారికి సత్రాలు అక్కరలేదు. ఇండ్ల నడుమనున్న చెట్లే వారి విడిదిళ్ళు. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, నారింజరంగు బోడిముఖం, రొమ్మున నల్లని పట్టీ, రెక్కల వెనుకభాగాన గులాబిపూత గల ఆ పక్షులు పుల్లలేరి గూళ్ళు కట్టి, గ్రుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చిన తరువాత వానకాలంలో వెళ్ళిపోతాయి. జటాయువు నేలకొరిగిన చోటని జనం చెప్పుకొనే లేపాక్షి ఆ ప్రాంతంలోనే వుండడం యాదృచ్ఛికమే కావచ్చును గాని, మనస్సుకు ఇంపైన యాదృచ్ఛికం.

ఈ పక్షులను మన ప్రాంతంలో చాలామంది సైబీరియా కొంగలంటారు. చిన్ననాట నేనూ అట్లే అన్నాను. అది పొరపాటు. వీటి పేరు ఎర్రకాళ్ళ కొంగ. ఇవి మంచుదేశం నుండి వచ్చినవి కావు. మన దేశపు పక్షులే. నీరు, చేప, చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి తరలిపోతూ వుంటాయి. పెద్ద పక్షులకు కూత లేదనే చెప్పవచ్చును. ముక్కు రెండు దవడలను టకటక కొట్టడమే వాటి సంభాషణ. ఉర్దూలో ఈ జాతి కొంగకు ‘లక్‌లక్’ అనే పేరు ఆ ధ్వని నుండే పుట్టినది. మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులూ వున్నారు కనుక ఈ సంగతి చెప్పాలనిపించినది.

దూరాన నిలిచి చూసేవారికి ఈ దృశ్యం కనువిందు. దాని క్రింద కాపురముండేవారి మాట వేరు. వాకిట రెట్టలు, జారిపడిన చేపల కుళ్ళువాసన, తెల్లవారకమునుపే మొదలయ్యే రొద. గూళ్ళు నిండే నెలలూ, చింతపండు దులిపే నెలలూ ఇంచుమించు ఒకటే. గూడున్న కొమ్మను దులపడం కుదరదు గదా! అయినా ఆ పక్షిని కొట్టరాదన్నది అక్కడి కట్టుబాటు. కొంగలు వచ్చిన ఏడు వానలు కురుస్తాయని, రాని ఏడు కరవని పెద్దల నమ్మకం. నమ్మకం సంగతి ఎట్లున్నా, గూటినుండి జారిపడిన పిల్లను కుక్కల పాలు కానీయకుండా ఎత్తి కాపాడే చేతులు ఆ ఊరిలో వున్నాయి.

ఇంతకూ ఈ ప్రస్తావన ఎందుకంటే, ఒకనాడు తరగతిలో సీల్ జంతువుల వేటను గురించిన మాట వచ్చినది. పెనుకొండ నుండి రైలులో వచ్చే విద్యార్థి ఒకడు లేచి, జన్మలో మంచుగడ్డను చూడని మనకు ఆ వేటతో ఏమి పని అని అడిగినాడు. సబబైన ప్రశ్నే. ఆనాడు సరిగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

కెనడా తూర్పుతీరాన, న్యూఫౌండ్‌లాండ్ దాపున, శీతకాలం ముగిసే వేళ తేలియాడే మంచుపలకల మీద హార్ప్ సీల్ అనే జంతువు పిల్లలను కంటుంది. పుట్టిన పిల్ల మేనిమీది తెల్లని మెత్తని బొచ్చు రెండుమూడు వారాల్లోనే ఊడిపోతుంది. ఆ బొచ్చుకు ఐరోపా బజారులో ధర పలికేది. కనుక అది ఊడకముందే, చర్మం చెడకుండా, దుడ్డుకర్రలతో తలపై కొట్టి చంపేవారు. ఈ వ్యాపారాన్ని ఎదిరించడానికి 1969లో బ్రయన్ డేవిస్ కెనడాలో అంతర్జాతీయ జంతుసంక్షేమ నిధిని స్థాపించినాడు. 1976లో గ్రీన్‌పీస్ సంస్థవారు మంచుమీదికి నడిచినారు. 1977లో ఫ్రెంచి సినీనటి బ్రిజిత్ బార్దో అక్కడికి వెళ్ళినది. పిల్లల బొచ్చుపై చెరగని రంగు పూసి, ఆ చర్మం అమ్మకానికి పనికిరాకుండా చేయడానికి సైతం ఉద్యమకారులు పూనుకొన్నారు.

అయితే జయం మంచుమీద రాలేదు, అంగడిలో వచ్చినది. ఐరోపాలోని సామాన్య గృహిణులు, బడిపిల్లలు లక్షలాది ఉత్తరాలు వ్రాసినారు. 1983లో ఐరోపా ఆర్థిక సమాజం సీల్ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించినది. కొనేవాడు లేనప్పుడు కొట్టేవాడెందుకు? 1987లో కెనడా ప్రభుత్వం తెల్లబొచ్చు పిల్లల వాణిజ్య వేటను మాన్పించినది. 2009లో ఐరోపా సమాఖ్య సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్నే దాదాపు మొత్తంగా నిషేధించినది. వేట పూర్తిగా ఆగిపోయినదని చెప్పలేము. బొచ్చు మార్చిన పిల్లలను ఇంకా వేటాడుతూనే వున్నారు.

ఇది కొత్త ఆయుధమేమీ కాదు. దొరసానుల టోపీలకు తురాయిలుగా ప్రపంచమంతటా కొంగలను చంపే రోజులలో, 1889లో ఇంగ్లండులోని మాంచెస్టరు వద్ద ఎమిలీ విలియమ్సన్ అనే ఆమె, ఈకలు ధరించబోమని స్త్రీలచేత మాట తీసుకొనే సంఘాన్ని ప్రారంభించినది. మన దేశం నుండి ఈకల ఎగుమతిని 1902లోనే నిషేధించినారు. బ్రిటనులో దిగుమతి నిషేధచట్టం 1921లో గాని రాలేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు తరతరాలుగా సీల్ మాంసం తిని, దాని చర్మం తొడుక్కొని బ్రతికినవారు. తెల్లపిల్లల వేట వారిది కాదు. నిషేధంలో వారికి మినహాయింపు వుండినది. కాని బజారే కూలిపోయిన తరువాత మినహాయింపు కాగితం కడుపు నింపుతుందా? వారి చర్మాలకూ ధర పడిపోయినది, రాబడి పోయినది. కెనడా గ్రీన్‌పీస్ సంస్థ 2014లో వారిని బహిరంగంగా క్షమాపణ కోరినది. మూడు దశాబ్దాల తరువాత!

దూరదేశపు వేటగాండ్రను నిందించే ముందు మనమూ కొంచెం తల వంచుకోవలసి వున్నది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు ప్రసిద్ధి. ధర్మవరం మగ్గాల మీద ఆ దారమే చీర అవుతుంది. ఒక్కొక్క చీరకు వేలకొలది గూళ్ళు; ప్రతి గూటిలో ఒక ప్రాణి, దారం తెగకుండుటకై వేడికి చచ్చినది. సాకిన పురుగూ, అడవిజంతువూ ఒకటి కాదనే వాదం వున్నది. నేనూ దానిని కొంతవరకు ఒప్పుకొంటాను. కాని రేపెవరో వేయిమైళ్ళ దూరాన కూర్చుని పట్టు కొనవద్దని ఉత్తరాలు వ్రాస్తే, ధర్మవరపు నేతగాని ఇంట పొయ్యి సంగతి వారికి తడుతుందా? ఇన్యూట్‌ల గతి మనకు అర్థం కావలసినది ఇట్లాగే.

నా విద్యార్థి ప్రశ్నకు నాకు తోచినదిది. ఒక ప్రాణిని కాపాడడానికి ఇద్దరు కావాలి: దూరాన కొననని చెప్పేవాడు, దగ్గర నష్టం భరించేవాడు. సీల్ ఉద్యమంలో మొదటివాడు గెలిచినాడు. దగ్గరివారిని ఎవరూ అడగలేదు. వీరాపురంలో దగ్గరివాడే వున్నాడు. అతనిది ఉద్యమమని ఎవరూ అనరు. అతడికీ ఆ పేరు తెలియదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో గూళ్ళున్న చింతచెట్ల యజమానులకు అటవీశాఖ కొంత పైకం ముట్టజెప్పే పద్ధతి వున్నది. అది దయాధర్మం కాదు, నష్టానికి బదులు.

డబ్బుకంటె ముందు నీరు కావాలి. ఈ కొంగ మోకాలిలోతు నీటిలో ముక్కు సగం తెరచి అటూయిటూ త్రిప్పుతూ, చేప తగిలిన క్షణాన మూస్తుంది. నిండా లోతైనా పనికిరాదు, ఎండినా పనికిరాదు. చెరువులెండిన వేసవిలో పెద్ద పక్షులు మేతకై మైళ్ళకొలది ఎగరవలసి వస్తుంది. గూటిలో పిల్లకు నీడపట్టే రెక్క వుండదు. ఊరి కట్టుబాటు రాళ్ళను ఆపగలదు గాని, చెరువు నింపలేదు. మన పూర్వులు త్రవ్వించిన చెరువులకు నీరు తెచ్చే వంకలు, కాలువలు ఎన్నిచోట్ల పూడిపోయినవో పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి వచ్చే మీరే నాకంటె బాగుగా చెప్పగలరు. ఈ వేసవి సెలవులలో ఎవరి ఊరి చెరువును వారు చూసి, నీరెంతవుందో, కాలువ ఎక్కడ తెగినదో, ఏ పక్షులు వాలినవో వ్రాసి తీసుకొనిరండి. కళాశాల తెరవగానే ఆ కాగితాలన్నీ ఒకచోట పెట్టి చూద్దాము.