కళాశాల రుసుము – నికర వ్యయము – చదువు అప్పు

వేసవిలో ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడినది మొదలు, కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతపు గ్రామములలో పొలము మాటకంటె కళాశాల మాటయే యెక్కువగా వినవచ్చుచుండును. ఎరువులకై సంఘమునకు వచ్చిన సభ్యులు సయితము “మా పిల్లకు ఇంజినీరింగు సీటు వచ్చినది, ఎంత ఖర్చగును?” అని మమ్మడుగుచున్నారు. దీనికి ఒక్క అంకెతో బదులు చెప్పుటకు వీలులేదు. కళాశాల ప్రకటించు రుసుము వేఱు, ఇంటినుండి వాస్తవముగా కదలిపోవు సొమ్ము వేఱు. ఈ భేదము తెలియక కొందఱు మంచి సీటును వదలుకొనుచున్నారు. మఱికొందఱు మోయలేని బరువును నెత్తికెత్తుకొనుచున్నారు.

జమ్మికుంట మార్కెటునకు ప్రత్తి తోలుకొనిపోయిన రైతునకు ఈ సంగతి క్రొత్తది కాదు. పలికిన ధర చేతికి రాదు. తేమకు కొంత, హమాలీకి కొంత, బండి కిరాయికి కొంత పోగా మిగిలినదే మన సొమ్ము. కళాశాల లెక్కయు నట్టిదే. ముందుగా ఏడాదికగు పూర్తి వ్యయమును వ్రాసికొనవలెను. అనగా బోధన రుసుము మాత్రమే కాదు; హాస్టలు, భోజనము, బస్సు, పుస్తకములు, పరీక్ష రుసుము, చేరునాడు కట్టించుకొను డిపాజిట్టు అన్నియును. అందుండి తిరిగి చెల్లింప నక్కఱలేని సాయమును మాత్రమే తీసివేయవలెను. మిగిలినది నికర వ్యయము. బ్యాంకు ఇచ్చు అప్పును సాయములో జమకట్టరాదు. అది మనము రేపు కట్టవలసిన నికర వ్యయమే. అమెరికా దేశమున 2008లో చేసిన చట్టమువలన, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలన్నియు తమ విద్యార్థికగు నికర వ్యయమును అంచనా వేయు సాధనమును 2011 నుండి ప్రజలకు అందుబాటులో నుంచవలసి వచ్చినది. మన రైతు ఆ పనిని తెల్లకాగితముపై తానే చేసికొనవలెను.

మన ప్రాంతమున సాయమనగా ప్రధానముగా జనులు ఫీజు రీయింబర్సుమెంటు అని పిలుచు పథకమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వ కాలమున ఇది విస్తరించినది. 2014 తరువాత తెలంగాణ ప్రభుత్వమును దీనిని కొనసాగించినది. వెనుకబడిన తరగతుల వారికి గ్రామములలో కుటుంబ ఆదాయము ఏడాదికి 1,50,000, పట్టణములలో 2,00,000 మించరాదను నియమముపై ఇది నడచుచు వచ్చినది. ఇంజినీరింగులో పదివేల లోపు ర్యాంకు తెచ్చుకొన్నవారికి పూర్తి రుసుమును, ఆపైవారికి 35,000 వఱకును ఇచ్చుట యేండ్ల తరబడి పద్ధతి. నియమములు మాఱుచుండును గనుక చేరబోవు సంవత్సరపు ఉత్తరువును చూచికొనవలెను. మఱియొక సంగతి ముఖ్యము: ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా వచ్చిన కన్వీనరు సీటునకే ఈ సాయము. యాజమాన్యపు సీటు కొన్నవారికి రాదు. “సీటు కొనుడు, ఫీజు ప్రభుత్వమే యిచ్చును” అని దళారి చెప్పిన మాట అబద్ధమని తెలిసికొనుడు.

ఉదాహరణకు మేమే కొన్ని అంకెలు వేసికొందుము. ఒక కళాశాల బోధన రుసుము 80,000 అనుకొందము. విద్యార్థిని ర్యాంకు పదివేలకు మించినది. 35,000 ప్రభుత్వ మిచ్చును. 45,000 తండ్రి కట్టవలెను. హాస్టలునకు, భోజనమునకు 70,000, తక్కినవాటికి 15,000. నికర వ్యయము ఏడాదికి 1,30,000; నాలుగేండ్లకు 5,20,000. “ఫీజు ప్రభుత్వమే కట్టును” అని నిశ్చింతగా నున్న యింటికి ఈ అంకె పిడుగువంటిది. ఇల్లు విడువక బస్సులో పోయి వచ్చు కళాశాలయైనచో ఇందు పెద్దభాగము తగ్గును.

పైగా ఈ సాయము కాగితముమీద నున్నంత వేగముగా ఖజానానుండి కదలదు. బకాయిలు పేరుకొనిపోగా 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలల యాజమాన్యములు కళాశాలలనే మూసివేసినవి. చదువు ముగిసిన పిల్లవానిని ప్రభుత్వ బకాయిని నీవే కట్టి సర్టిఫికెట్లు తీసికొమ్మని నిలిపివేయుటయు పలుచోట్ల జరుగుచున్నది. ప్రభుత్వము బాకీపడినదానికి పిల్లవాని ఉద్యోగమును తాకట్టు పెట్టుట ఏ న్యాయమో మాకు తెలియరాదు. ఏమైనను, చివరి సంవత్సరమున కొంత సొమ్ము చేతనుంచుకొనుట మంచిది.

తక్కువ నికర వ్యయముతో చదువ వీలున్న చోట్లు మన చెంతనే కలవు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదై, 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరిన బాసరయందు 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులనుబట్టి పిల్లలను చేర్చుకొని, అక్కడనే వసతినిచ్చి ఆరేండ్లు చదివించును. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అందు ప్రాధాన్యము కలదు. జగిత్యాల చెంత నాచుపల్లిలో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాల, కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము ఉన్నవి. జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నది. వ్యవసాయ డిగ్రీలో రైతుల పిల్లలకని ప్రత్యేకముగా సీట్లు కేటాయింపబడియున్నవి. భూమి గల సభ్యులలో ఈ సంగతి తెలియనివారే యెక్కువమంది యగుట మాకు విచారము.

ఇక అప్పు. చదువునకై బ్యాంకులిచ్చు ఋణమునకు 4 లక్షల వఱకు సొంత వాటా గాని, తాకట్టు గాని అడుగరు. ఏడున్నర లక్షలు మించినప్పుడు ఆస్తి తాకట్టు ప్రస్తావన వచ్చును. చదువుకాలమును, సాధారణముగా ఆపై ఒక యేడును వాయిదాలు లేవు. వాయిదా లేదనగా వడ్డీ లేదని యర్థము కాదు. ఏటేటా లక్ష చొప్పున 4 లక్షలు, నూటికి 10 వడ్డీతో తీసికొన్నచో, మొదటి లక్షకు ఐదేండ్లు, రెండవదానికి నాలుగు, మూడవదానికి మూడు, నాల్గవదానికి రెండేండ్ల వడ్డీ పడును, మొత్తము 1,40,000. దీనిని అసలులో కలిపి 5,40,000పై వాయిదాలు కట్టుదురు. పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 7,136. ముగియునాటికి చెల్లించునది సుమారు 8,56,000. చదువుకాలపు వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకొన్నచో అంతయు కలిపి సుమారు 7,74,000తో తీరును. కుటుంబ ఆదాయము నాలుగున్నర లక్షల లోపైనచో, అర్హత గల కళాశాలలలో వృత్తివిద్య చదువువారికి ఆ గడువునాటి వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించు పథకము 2009 నుండి కలదు. ఇది తానుగా రాదు; తహశీల్దారు ఆదాయ ధ్రువపత్రముతో బ్యాంకునందు అడుగవలెను.

సంఘ సభ్యులకు మా ప్రత్యేక విన్నపము. పంట ఋణము తీసి కళాశాలలో కట్టకుడు. సకాలమున తీర్చినవారికి 3 లక్షల వఱకు నూటికి 4 వడ్డీతో పడు ఆ సొమ్ము విత్తనమునకు, ఎరువునకు ఉద్దేశింపబడినది. అది కళాశాలకు పోయినచో వానకాలమున ఎరువులకై నూటికి నెలకు రెండు రూపాయలకు, అనగా ఏడాదికి 24కు, సావుకారి గడప త్రొక్కవలసి వచ్చును. సావుకారి వద్ద లక్ష తెచ్చి ఐదేండ్లు నిలిపిన బారువడ్డీయే 1,20,000.

చదువు ఋణపత్రముపై తండ్రియు సంతకము చేయును. కావున బిడ్డ వాయిదాలు తప్పిన మచ్చ తండ్రి పేరనూ పడును. మఱునాటి పంట ఋణమునకు బ్యాంకువారు ఆ మచ్చనే చూతురు. సంతకమునకు ముందు వడ్డీ రేటు స్థిరమా, మాఱునదా, గడువు ఎన్నినెలలు, ముందుగా తీర్చిన రుసుమేమైన కలదా యనునవి మేనేజరు చేత వ్రాయించి తెచ్చుకొనుడు. చదువుకొనుట కష్టమైన సభ్యులు ఆ కాగితమును సంఘ కార్యాలయమునకు తెచ్చినచో కార్యదర్శి చదివి వినిపించును.