చెత్త బదిలీ కేంద్రమెచ్చట?

ఊరి చెత్తను చిన్నబండ్లనుండి పెద్దబండ్లకు మార్చు తావే బదిలీ కేంద్రము. అది వలయునని ఎల్లరు నందురు. తమ వీధిలో మాత్రము వలదందురు. నేనును మొదట అట్లే యంటిని.

మన గోదావరి సీమలో ఈ చిక్కు మఱింత గడ్డు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరే పెక్కు గ్రామములకు త్రాగునీరయ్యెను. గట్టుమీది చెత్తనుండి కారు మురుగు దిగువ ఊరి చెరువును చేరును. 2016 నాటి కేంద్ర నిబంధనలు చెత్తను పూడ్చు తావు నదికి 100, చెరువునకును ఇండ్లకును 200 మీటర్ల దూరమున నుండవలెననినవి. బదిలీ కేంద్రము పూడ్చు తావు కాకున్నను ఆ జాగ్రత్తయే దానికిని దారి.

కావున మెరకనేల, గచ్చు, కప్పు, ఏనాటి చెత్త నానాడే తరలించుట కోరుదము. నోరులేని పేదల పేటనే చూపుట న్యాయము కాదు. అచ్చటి బిడ్డలును నా శిష్యులే.